బల్ల మీది హీటరు మోటారు

ఆటోనగర్‌లో దిగి షేక్ కరిముల్లా కొట్టు ఎక్కడని అడిగితే, ఏ కరిముల్లా అని ఎదురు అడుగుతారు. ఉల్టా కరీం అనండి, చేతిలో స్పానరున్నవాడు స్పానరుతోనే దారి చూపిస్తాడు. ఆయనకు ఆ పేరెలా వచ్చిందో ఆ వీధిలో ఎవరైనా చెబుతారు. టీ తాగించి మరీ చెబుతారు. వాళ్లు చెప్పేదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే అది సగమే. మిగతా సగం నాది. అది దాచేసి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాసి ఊరుకుందామని రెండు మూడుసార్లు కూర్చున్నాను. కలం సాగలేదు.

కరిముల్లా ఆటో ఎలక్ట్రీషియను. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉంటాడు. ఏళ్ల తరబడి బానెట్ల కింద తల పెట్టి బతికినవాళ్ల నడుం అలాగే అవుతుంది. వాళ్ల నాన్న వన్‌టౌన్‌లో పెట్రోమాక్సు లైట్లు బాగుచేసేవాడట. పెళ్లి ఊరేగింపులకు కరెంటు లైట్లు వచ్చాక ఆ పని పోయింది. "మా అబ్బా పొట్ట కొట్టిన కరెంటుతోనే నేను పొట్ట పోసుకుంటున్నా మాస్టారూ" అని నవ్వేవాడు.

నన్ను అక్కడ అందరూ మాస్టారనే అంటారు. నేనెక్కడా ఎవరికీ పాఠం చెప్పలేదు. చేతిలో ఎప్పుడూ ఏదో పుస్తకం, ముక్కు మీద కళ్లజోడు, పెళ్లాం పిల్లలు లేని మనిషి. ఇంకేమనాలో తెలియక అలా అన్నారు. నేనూ వద్దనలేదు, వద్దనకపోవడం నా మొదటి తప్పేమో. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి పైగది నా ఇల్లు. ఏడాదిలో సగం రోజులు రైళ్లలోనూ సత్రాల్లోనూ గడుస్తాయి. కాళ్లు తిరుగుడు కోరుకుంటాయి, కళ్లు అచ్చు కోరుకుంటాయి. ఈ రెండూ లేని పూట నాకు పిచ్చెక్కినట్టు ఉంటుంది. ఊళ్లో ఉన్న రోజుల్లో మాత్రం పొద్దున్నే ఆటోనగర్ బస్సెక్కి కరిముల్లా కొట్లో పాత బ్యాటరీ పెట్టె మీద కూర్చునేవాణ్ణి. మంచి పనివాడి పక్కన కూర్చోవడం మంచి పుస్తకం చదవడం లాంటిదే. పైగా అక్కడ టీ కూడా వస్తుంది.

ఆయన దగ్గర మీటర్లు లేవు. చిన్న బల్బుకి రెండు తీగలు కట్టి ఉండేవి, అదే ఆయన నాడి చూసే సాధనం. ఒక తీగ బాడీకి తాకించి, రెండోది అనుమానమున్న చోటల్లా పెట్టుకుంటూ పోతాడు. బల్బు ఎక్కడ వెలగడం మానేసిందో అక్కడ జబ్బు. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషు రాదు. కానీ ఒకసారి చెవిన పడింది మరిచిపోడు. ఇది గుర్తుపెట్టుకోండి, ముందు ముందు కావాలి. ఆయన మాట ఒకటి నాకు ఎప్పుడూ వినపడుతూ ఉంటుంది: "కరెంటుకి సిగ్గుండదు మాస్టారూ. దారి దొరికితే ఎటైనా పోద్ది. సిగ్గుపడాల్సింది దారి వేసినోడు."

ఇక కారు సంగతి. నా స్నేహితుడు సంజీవరావు కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవాడు. ఆయన దగ్గర యాభై నాలుగు నాటి మోరిస్ మైనర్ ఉండేది. ఆకుపచ్చది, తాబేలు డిప్ప లాంటి వీపు. కూనూరులో ఒక తేయాకు తోట మేనేజరు దగ్గర కొన్నాడు. కొండ మీద పుట్టి పెరిగిన కారు కాబట్టి దానికి హీటరుండేది. డాష్‌బోర్డు కింద, కాళ్ల దగ్గర, గుండ్రటి రేకు డబ్బా. ఇంజన్లో కాగిన నీళ్లు దాంట్లోకి వస్తాయి, వెనకాల ఒక చిన్న మోటారు ఫ్యాను తిప్పుతుంది, వెచ్చటి గాలి కాళ్లకు తగులుతుంది. కులూ దగ్గర ఒకసారి నేనెక్కిన బస్సులో డ్రైవరు అలాంటి డబ్బా పక్కన చెప్పులు విడిచి పాదాలు కాచుకోవడం చూశాను, కుంపటి ముందు ముసలమ్మలా. బెజవాడలో అలాంటిది ఎవరికి కావాలి? మే నెలలో మా లాడ్జి మెట్ల కమ్మీ పట్టుకుంటే చెయ్యి కాలుతుంది. ముప్ఫై ఏళ్లకు పైగా సంజీవరావు ఆ హీటరు స్విచ్చి మీద వేలు పెట్టలేదు.

తొంభై ఒకటిలో ఆయనకు కార్లో పాటలు వినాలని బుద్ధి పుట్టింది. క్యాసెట్ ప్లేయరు తెచ్చి కరిముల్లాకి ఇచ్చాడు. అక్కడొక చిక్కు వచ్చింది. ఇప్పటి బళ్లల్లో బ్యాటరీ మైనస్ తీగని కారు బాడీకి కలుపుతారు. ఆ కాలపు ఇంగ్లీషు కార్లలో ప్లస్‌ని కలిపేవారు. ఆ ప్లేయరు అలా పెడితే కాలిపోతుంది. అంటే కారు మొత్తం కరెంటు దారిని తిరగెయ్యాలి.

"చెయ్యొచ్చు, కానీ ఏమేం మార్చాలో సరిగ్గా తెలియాలి. ఒకటి మర్చిపోయినా బండి ఎప్పటికో అప్పటికి పట్టిస్తది" అన్నాడు కరిముల్లా.

నేను పొంగిపోయాను. ఆదివారం ఏలూరు రోడ్డు పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలు తిరగేస్తుంటే, సరిగ్గా ఇదే విషయం మీద ఒక పల్చటి ఇంగ్లీషు పుస్తకం దొరికింది నాకు. కార్లో రేడియో పెట్టుకునేవాళ్ల కోసం ఎవరో రాసింది. దాంట్లో ఎనిమిది పనులు, వరసగా అంకెలేసి ఉన్నాయి. మర్నాడు బ్యాటరీ పెట్టె మీద కూర్చుని ఒక్కొక్కటీ చదివి తెలుగులో చెప్పాను. కరిముల్లా ఒక్కొక్కటీ విని, చేసి, "ఊఁ, ఇంకోటి" అనేవాడు. బ్యాటరీ తీగలు అటూ ఇటూ మార్చాలి. కాయిల్ తీగలు మార్చాలి. డైనమోకి ఒకసారి కొత్త బ్యాటరీ దారి రుచి చూపించాలి. ఇలా అయిదు అయ్యాయి.

ఆరోది హీటరు. కారుకి హీటరు ఫ్యాను ఉంటే దాని మోటారు విప్పి లోపలి రెండు తీగలు తారుమారు చెయ్యాలి, లేకపోతే ఫ్యాను వెనక్కి తిరుగుతుంది అని ఉంది. అది ఏప్రిల్ నెల. కరిముల్లా బనీను వీపుకి అంటుకుపోయి ఉంది. నాకు నవ్వొచ్చింది.

"ఏంటి మాస్టారూ?"

"ఇంగ్లీషువాళ్ల గోలలే. చలి కాచుకునే సంగతి. మనకక్కర్లేదు."

ఆయనా నవ్వాడు. నేను ఏడో దానికి వెళ్లిపోయాను. సాయంత్రానికి కార్లో పాట మోగింది. సంజీవరావు నన్నూ కరిముల్లానీ ఎక్కించుకుని బెంజి సర్కిల్ దాకా తిప్పాడు. ఆ రోజు ఆ సీట్లో నేను గర్వంగా కూర్చున్న తీరు తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుతో ఒళ్లు చచ్చిపోతుంది.

పన్నెండేళ్లు గడిచాయి. రెండువేల మూడు జనవరిలో, చూపు మందగించి, సంజీవరావు కారు అమ్మడానికి సిద్ధపడ్డాడు. కొన్నది మళ్లీ కూనూరు మనిషే, అక్కడ అతిథులకు గదులు అద్దెకిచ్చే ఆయన. కారు చూసి తీసుకెళ్లడానికి తన డ్రైవర్ని పంపాడు. కొత్తగా అతికించిన మీసంలా బిగుసుకుని ఉండే మనిషి. ఇంజన్ చూశాడు, బ్రేకులు చూశాడు, చివరికి వంగి హీటరు స్విచ్చి నొక్కాడు. చప్పుడు లేదు.

"ఇది లేకపోతే బండి వద్దన్నారు మా అయ్య" అన్నాడు, వచ్చీరాని తెలుగులో.

కారు ఆటోనగర్ వచ్చింది. కరిముల్లా బల్బు తీశాడు. ఫ్యూజు దగ్గర వెలిగింది, స్విచ్చికి ఇవతల వెలిగింది, అవతలా వెలిగింది, మోటారు దాకా వెలిగింది. "వచ్చేది వస్తానే ఉంది. తీసుకునేవాడే లేడు" అని మోటారు విప్పి వాసన చూశాడు. లోపలి రాగితీగ చుట్టు మాడిపోయి ఉంది. ఎలుకలు కొరికాయో, చెమ్మ పట్టిందో.

చుట్టు చుట్టడమంటే ఆ చుట్టుపక్కల ధనుంజయే. పెడన మనిషి, వాళ్లది మగ్గం ఇల్లు. తండ్రి చౌడయ్య పోయాక మగ్గం మూలపడితే ఈ పనిలోకి వచ్చాడు. కరిముల్లా దగ్గరే ఎనిమిదేళ్లు నేర్చుకుని, పక్క సందులో సొంతంగా వైండింగ్ షాపు పెట్టుకున్నాడు. నూలుపోగు పట్టిన వేళ్లకి రాగిపోగు ఒక లెక్కా? రెండో రోజు మోటారు తెచ్చి బ్యాటరీకి పెట్టి చూపించాడు. తుమ్మెదలా తిరిగింది.

కార్లో బిగించారు. ఇంజన్ వేడెక్కింది. కూనూరు డ్రైవరు స్విచ్చి నొక్కి డబ్బా ముందు అరచెయ్యి పెట్టాడు. మోటారు తిరుగుతోంది, నీళ్ల గొట్టాలు కాలుతున్నాయి, గాలి మాత్రం రావడం లేదు. కరిముల్లా నీళ్ల కుళాయి తిప్పి చూశాడు. డబ్బా దులిపి చూశాడు. ఆఖరికి బనీను దారప్పోగు ఒకటి తెంపి ఫ్యాను ముందు పట్టాడు. పోగు బయటికి ఎగరాల్సింది పోయి లోపలికి లాక్కుపోయింది.

"వెనక్కి తిరగతంది" అన్నాడు.

డ్రైవరు అందరికీ వినపడేలా నవ్వాడు. "ఇంత పెద్ద ఆటోనగర్, ఒక ఫ్యాను ముందుకు తిరగదా?" నెలరోజుల్లో మళ్లీ వస్తానని బస్సెక్కి వెళ్లిపోయాడు.

వెనక్కి తిరగడానికి రెండే కారణాలు. చుట్టు తిరగబడి ఉండాలి, లేదా కరెంటు తిరగబడి ఉండాలి. కరిముల్లా బయటికొచ్చి చేతులు తుడుచుకుని నాకేసి చూశాడు.

"మాస్టారూ, అప్పుడు క్యాసెట్ పెట్టినప్పుడు కరెంటు తిరగేశాం గదా. ఆ పుస్తకంలో హీటరు గురించి ఏమన్నా ఉందా?"

అక్కడ చాలామంది ఉన్నారు. ధనుంజయ్ నా ఎదురుగానే నిలబడ్డాడు. నాకు లోపల ఎక్కడో, చీకట్లో కాలికి ఏదో తగిలినట్టు, లీలగా ఏదో తగిలింది. గదికెళ్లి చూసి చెబుతానంటే సరిపోయేది. గుర్తులేదంటే సరిపోయేది. కానీ గుర్తులేదన్న మాట నా నోటికి అలవాటు లేదు. ఎంతో చదివాడని పేరుపడ్డవాడికి అదో రోగం.

"లేదు" అన్నాను. "ఉంటే చెప్పనా? చుట్టు తిరగేసి చుడితే మోటారు తిరగబడుతుంది, శాస్త్రం కూడా అదే."

"నేను తిరగెయ్యలేదు భాయ్" అన్నాడు ధనుంజయ్. "పాతది ఎట్టుందో అట్టాగే చుట్టా. ఒక్కో చుట్టూ లెక్కపెట్టి చుట్టా."

"మరి పుస్తకం తప్పు చెప్తదా? మాస్టారు తప్పు చెప్తారా?" అన్నాడు కరిముల్లా.

ధనుంజయ్ నా మొహం చూశాడు. నేను కళ్లజోడు తీసి తుడుచుకున్నాను.

ఆ వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. బసవపున్నయ్య టీ కొట్టు ముందు రెండు బల్లలుంటాయి. ఒకటి కూర్చోడానికి. రెండోది చెడ్డ పనికి. ఎవరైనా పని చెడగొట్టారని తేలితే, ఆ సామాను తెచ్చి రెండో బల్ల మీద పెడతారు. ఎవరూ తిట్టరు, కొట్టరు. చెడగొట్టినవాడు తనంతట తను వచ్చి, నలుగురూ చూస్తుండగా చేత్తో తీసుకెళ్లి, బాగుచేసి ఇవ్వాలి. తీసుకోవడమంటే ఒప్పుకోవడం. అంతదాకా ఇంకెవరూ దాన్ని ఎత్తకూడదు. అంతదాకా అతనికి కొత్త పనీ రాదు. ఎవరూ ఇవ్వొద్దని చెప్పరు గాని, టీ తాగుతూ రోజూ ఆ సామాను చూసి మళ్లీ అతని దగ్గరికి ఎవరు వెళతారు?

కరిముల్లా ఆ మోటారుని ఫ్యానుతో సహా తీసుకెళ్లి బల్ల మీద పెట్టాడు. తన చేతికింద పని నేర్చుకున్నవాడిది.

ధనుంజయ్ తీసుకోలేదు. ఒకరోజు, రెండ్రోజులు, వారం. పొద్దున్నే ఆ బల్ల పక్కనుంచే తన షాపుకి వెళ్లేవాడు, తల తిప్పకుండా. బసవపున్నయ్య రోజూ బల్ల తుడిచేటప్పుడు మోటారు చుట్టూ గుండ్రంగా తుడిచేవాడు. "తీసుకుపోవోయ్, పది నిమిషాల పని, తిరగేసి చుట్టిచ్చేయ్, అయిపోద్ది" అని ఒకరిద్దరు నచ్చజెప్పారు. "చెయ్యని తప్పు చేశానని ఎట్టా తీసుకునేదండీ?" అన్నాడట. షాపులో మోటార్లు రావడం ఆగిపోయింది. పదిహేను రోజులకి, షాపు ఎత్తేసి పెడన వెళ్లిపోతున్నాడని తెలిసింది. నేను రోజూ వెళ్లి, రోజూ టీ తాగి, రోజూ ఆ బల్ల చూసి వచ్చాను. లాడ్జి గదిలో పెట్టె ఉంది, పెట్టెలో ఆ పల్చటి పుస్తకముంది. తెరవలేదు. ఎందుకు తెరవలేదని నన్నడిగితే, ఎందుకో నాకు తెలుసు కాబట్టే తెరవలేదు.

పందొమ్మిదో రోజు పొద్దున్నే ఒక ముసలావిడ కరిముల్లా కొట్టు ముందు ఆగింది. నీరుకావి చీర, చేతిలో గుడ్డసంచి.

"కరిముల్లా సాయిబు గారంటే మీరేనాండీ?"

"నేనేనమ్మా. కూర్చోండి."

"కూచోడానికి రాలేదు లెండి. నా పేరు భద్రమ్మ. ధనుంజయ్ మావాడే. తిరగేసి చుట్టాడన్నారంట?"

కరిముల్లా లేచి నిలబడ్డాడు. "అక్కయ్య గారూ, మోటారు వెనక్కి తిరిగింది. నేనేం కావాలని..."

"నలభై ఏళ్లు కండెలు చుట్టినదాన్నండీ నేను. మావాడు నడక నేర్చిందే రాట్నం పట్టుకుని. వాడికి ఇటేదో అటేదో తెలీకపోతే, ఎనిమిదేళ్లు మీరు నేర్పిందేంటంట?"

భద్రమ్మ సంచిలోంచి ఒక కండె తీసింది. మగ్గంలో పేకపోగు చుట్టే చిన్న గొట్టం. దాని మీద నూలు లేదు. నల్లగా మాడిన రాగితీగ ఉంది.

"మాలో పాత పోగు చూడకుండా కొత్త పోగు అతకరు. మగ్గం అచ్చులో పాత కొసలు ఉంచుకుని, దేనికి దాన్ని చూసి ముడేస్తారు. మావాడు ఇక్కడా అదే చేత్తాడు. మోటారు ఇప్పినప్పుడల్లా పాత చుట్టొకటి చెదరకుండా కోసి కండెకి కట్టి ఉంచుతాడు. ఇది మీ కారుది. మీకు చూపించరా అంటే, అడగని వాళ్లకి ఎందుకు చూపించాలమ్మా అన్నాడు. వాడికి రోషం. నాకు లేదు. చూడండి."

కరిముల్లా కండె తీసుకుని వెలుగులోకి పట్టాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఒక స్క్రూడ్రైవరూ, ఒక చిన్న బ్యాటరీ పట్టుకుని టీ కొట్టు వైపు నడిచాడు. వెనకాల భద్రమ్మ, ఆవిడ వెనకాల మేమంతా.

మోటారు బల్ల మీద నుంచి ఎత్తకుండానే మూత విప్పాడు. కండె మీది పాత చుట్టు పక్కనే పట్టుకుని, లోపలి కొత్త చుట్టుతో పోల్చాడు. రెండూ ఒకే వాటం. కళ్లున్నవాళ్లెవరికైనా తెలుస్తుంది. మళ్లీ మూత బిగించాడు. బసవపున్నయ్య కొట్లో దేవుడి పటం ముందు వెలుగుతున్న అగరొత్తి ఒకటి తీసుకుని ఫ్యాను ముందు గుచ్చాడు. మోటారు ఒంటికి బ్యాటరీ మైనస్ తాకించాడు, ఇప్పుడు కార్లో ఉన్నట్టే. పొగ లోపలికి పోయింది.

"ఊఁ" అన్నాడు.

తీగలు మార్చాడు. మోటారు ఒంటికి ప్లస్ తాకించాడు, ఆ కారు పుట్టినప్పుడు ఉన్నట్టు.

పొగ ఊదేసినట్టు బయటికొచ్చింది. ఫ్యానుకి ఎదురుగా నిలబడింది నేను. సరిగ్గా నా మొహానికి కొట్టింది. అప్పుడు గుర్తొచ్చింది, ఏప్రిల్ నెల, తడిసిన బనీను, ఆరో అంకె, నా నవ్వు. లీలగా కాదు, అక్షరం అక్షరం.

కరిముల్లా అలాగే వంగి ఉన్నాడు. కాసేపటికి నడుం ఎత్తి, "ధనుంజయ్‌ని పిలవండి" అన్నాడు. ధనుంజయ్ వచ్చి తల్లి పక్కన నిలబడ్డాడు. కరిముల్లా రెండు చేతులతో ఆ మోటారుని బల్ల మీంచి ఎత్తి గుండెకి ఆనించుకున్నాడు.

"ఇది నాది" అన్నాడు. "అక్కయ్య గారూ, మీవాడు తిరగెయ్యలేదు. పన్నెండేళ్ల కిందట కరెంటు తిరగేసింది నేను. దీన్ని తిరగెయ్యడం మర్చిపోయింది నేను. ఒరేయ్ ధనుంజయ్, మన ఊళ్లో హీటరెవరూ వెయ్యరు గదరా, అందుకే ఇన్నేళ్లు దాక్కుంది. తప్పు నాది. అందరూ విన్నారా?"

"అయ్యో భాయ్, వదిలెయ్" అన్నాడు ధనుంజయ్.

భద్రమ్మ మాత్రం వదల్లేదు. "ఆ మాట పందొమ్మిది రోజుల కిందటే అడిగితే పోయేది గందా నాయనా. ఈ మోకాళ్లతో పెడన నుంచి బస్సులో నుంచుని వచ్చాను" అంది. అని, బల్ల మీద కూర్చుని, "ఇప్పుడు పొయ్యండి టీ" అంది.

ఎవరో వెనకనుంచి, "అయితే ఉల్టా చేసింది కరీం భాయేనన్నమాట" అన్నారు. జనం బిగించిన ఊపిరి వదిలినట్టు నవ్వారు. కరిముల్లా కూడా నవ్వాడు. ఆ పేరు అప్పుడు అంటుకుంది.

ఆయన నాకేసి చూడలేదు. నేను టీ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరవడానికి అది చాలా మంచి సమయం, అంతకంటే మంచి సమయం దొరకదని నాకు తెలుసు. గ్లాసులో టీ మీగడ కట్టింది.

గదికొచ్చి పెట్టె తెరిచాను. ఆరో అంకె పక్కన పెన్సిలుతో నా చేతిరాత, ముద్దుగా, గుండ్రంగా: "మనకక్కర్లేదు." మర్నాడు పూరీ వెళ్లే రైలెక్కాను. అక్కణ్ణుంచి గయ, అక్కణ్ణుంచి ఇంకెక్కడికో. ఊళ్లు చూడాలని కాదు. పారిపోవడానికి కూడా నా బతుకులో టిక్కెట్టు కొనడం అలవాటైపోయింది, అంతే.

నాలుగు నెలలకు తిరిగొచ్చేసరికి కారు కూనూరు చేరిపోయింది. మోటారు లోపలి రెండు తీగలు తారుమారు చేసి ఇచ్చాడట కరిముల్లా, పది నిమిషాల పని. హీటరు బాగుందని సంజీవరావుకి ఉత్తరం వచ్చింది. ధనుంజయ్ షాపు నిండా మళ్లీ మోటార్లున్నాయి. "ఉల్టా భాయ్, కాస్త బల్బియ్యి" అంటూ కుర్రకారు కూడా కరిముల్లాని పిలుస్తున్నారు. ఆయన పలుకుతున్నాడు. నేను పాత పెట్టె మీద పాత చోటే కూర్చున్నాను. ఆయన టీ తెప్పించాడు. అలా ఆరేళ్లు కూర్చున్నాను.

రెండువేల తొమ్మిదిలో కరిముల్లా కంటికి శుక్లాల ఆపరేషనైంది. చూడ్డానికి ఇంటికి వెళ్లాను. ఆయన భార్య నజీమా కుర్చీ వేసి, మందు సీసా, దానితో వచ్చిన ఇంగ్లీషు కాగితం తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఎట్టా వెయ్యాలో చెప్పండి మాస్టారూ, ఈయన నా మాట వినడు."

కాగితం విప్పాను. మంచం మీంచి, కంటికి పచ్చ గుడ్డ కట్టుకున్న కరిముల్లా, మామూలు గొంతుతోనే అన్నాడు:

"అంతా చదవండి మాస్టారూ. మనకక్కర్లేదనిపించినా చదవండి."

ఒకసారి విన్నది మరిచిపోయే మనిషి కాదాయన.

"నీకు తెలుసా?" అన్నాను.

"మీరు లేదన్నాక మీ మాటే నమ్మా. బల్ల కాడ పొగ బయటికి కొట్టినప్పుడు తెలిసింది. అయిదు చెప్పి నవ్వారు, ఆ తర్వాత ఏడు అన్నారు. నేనూ నవ్వాను గదా."

"మరి అప్పుడు నా పేరెందుకు చెప్పలేదు?"

"వైరు కలిపింది నా చెయ్యి." కంటి మీది గుడ్డ సర్దుకున్నాడు. "మీరు చెప్తారేమో అనుకున్నా. చెప్పకపోతే నేను చెప్పడం ఏం బాగుంటది?"

నజీమా మా ఇద్దరి మొహాలూ చూసి లోపలికి వెళ్లిపోయింది. నేను ఆ కాగితం మొత్తం చదివాను. తయారీదారు చిరునామాతో సహా. ఆయన చివరిదాకా విన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆ పల్చటి పుస్తకం తీసుకెళ్లి బసవపున్నయ్య రెండో బల్ల మీద, ఆ పేజీ తెరిచి పెట్టాను. ఆ బల్ల మీద అప్పటికి సామాన్లు పెట్టడం తగ్గిపోయింది.

"ఎవరిదండీ ఈ పుస్తకం?" అన్నాడు బసవపున్నయ్య, గుడ్డ పట్టుకుని.

"నాదే."

ధనుంజయ్‌ని పిలిపించాను. ఉన్న పదిమందికీ చెప్పాను. ఇంగ్లీషులో ఏముందో, నేనేం చదివానో, ఏది వదిలేశానో, తర్వాత అడిగితే లేదని ఎందుకన్నానో. ధనుంజయ్ పుస్తకం మీదికి వంగి, నా పెన్సిలు రాత వేలితో తడిమాడు. పందొమ్మిది రోజులు ఆ బల్ల పక్కన తల తిప్పకుండా నడిచిన మనిషి. "అమ్మ ఉంటే మీకూ నాలుగు తగిలించేది మాస్టారూ" అన్నాడు. భద్రమ్మ అంతకు ముందు ఏడాదే పోయింది.

"అయితే ఇంక ఉల్టా మాస్టారనాలా?" అన్నాడొక డెంటింగు మేస్త్రీ.

"అనండి" అన్నాను. నిజంగానే కోరుకుని అన్నాను. నా చేత్తో పుస్తకం ఎత్తి సంచిలో పెట్టుకున్నాను.

రెండ్రోజులు అన్నారు. తర్వాత మళ్లీ మాస్టారే అయింది. పేరు ఎవరికి అంటుకోవాలో మనం చెబితే అంటుకోదు. ఆ మధ్య ఊరొచ్చి ఆటోనగర్ వెళితే కరిముల్లా కొట్టుకి కొత్త బోర్డు తగిలించి ఉంది. 'ఉల్టా కరీం ఆటో ఎలక్ట్రికల్స్'. ఇంకా రంగు ఆరలేదు.

"ఇదేంటి?" అన్నాను.

"గిరాకీ ఆ పేరుకే వస్తంది మాస్టారూ. షేక్ కరిముల్లా అంటే పోస్టుమ్యాను కూడా తిప్పి పంపుతున్నాడు" అని నవ్వాడు. కంటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని బోర్డుకేసి చూశాడు. "పెయింటరు అక్షరాలు సరిగ్గా రాశాడా లేదా? కాస్త చదివి చెప్పండి."

పైకి చదివాను. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా, ఒక్కటీ వదలకుండా. సరిగ్గానే ఉంది అన్నాను.